మోటార్లు లేని సభ

మెయిన్ స్విచ్ కోదండమే దించేశాడు.

షెడ్డులో మగ్గాలన్నీ ఒక్క ఊపున ఆగిపోయాయి. దారం మోసే నాడెలు ఎక్కడివక్కడ బిగుసుకున్నాయి. నగరిలో ఆ వీధిన మగ్గాలు ఆగాయంటే కరెంటన్నా పోయి ఉండాలి, ఇంట్లో మనిషన్నా పోయి ఉండాలి. ఎదుటి షెడ్డు మాత్రం దడదడా కొట్టుకుంటూనే ఉంది. అంటే కరెంటు పోలేదు.

ఇంకేం, వీధిలో జనమంతా గడపల్లోకి వచ్చి నిలబడ్డారు.

“ఎవురప్పా పొయింది? ముసిలామేనా?” ఎదుటి షెడ్డులో మగ్గం నడిపే తిరుమలమ్మ అక్కడినుంచే కేకేసింది.

“ఎవురూ పోలా. పోవాలని కొంగు బిగిచ్చుకోని నిలబడుండాది మా మరదలు,” అన్నాడు కోదండం, వీధి మొత్తానికీ వినబడేలా. “తిరుపతికి! మా ఇంటి పరువు సంచిలో ఏసుకోని!”

చంద్రకాంతమ్మ సంచిలో ఉన్నది ఒక దువ్వెన, ఒక నీళ్ల సీసా, తను రాసిన పుస్తకం. ఆమె ఎడమచెయ్యి ఎప్పటిలాగే కొంగులోపల ఉంది. వీధి చివర తిరుపతి సభ వాళ్లు పంపిన కారు రెండోసారి హారన్ కొట్టింది.

పుస్తకం పేరు ‘కరెంటు పోయిన పూట’. మగ్గాల మోతలో మనిషి గొంతు మనిషికి వినబడేది కరెంటు పోయినప్పుడే. అందుకని ఆ పేరు పెట్టుకుంది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి తను చూసిందీ, పడిందీ రాసుకుంది. అచ్చయిన కొత్తలో ‘మా మరదలు రైటరు’ అని కోదండమే నలుగురికీ పంచిపెట్టాడు. చదవకుండానే పంచాడు. చదివింది పోయిన వారం, చిత్తూరు సభ అయ్యాక. అదీ ఏడో అధ్యాయం ఒక్కటే.

“చిత్తూరులో సదివినావు. సరే. నేనేమన్నా అన్నెనా?” అన్నాడు.

“అన్నావు బావా. పొద్దుమాపులు అన్నం కాడ కూసున్నప్పుడంతా అన్నావు.”

“అనకేం చేసేది! ఎవుడో ఫోన్లో పట్టినాడు. దాన్ని సూసి షెడ్లల్లో ఆడోళ్లంతా ఒకటైపొయినారు. మోటారు బెల్టుకు మూత లేకపోతే మగ్గం కాడికి రామంటారు. నా షెడ్డులోనే, నా కింద పనిచేసేటోళ్లే! సంఘంలో ఓనర్లంతా నా మొగాన ఊంచినట్టు మాట్లాడతా ఉండారు. పెసిడెంటువి నువ్వే, నీ ఇంట్లోనే పుట్టింది గలాటా, నువ్వే ఆర్పుకో అంటారు.”

“మూతలు బిగిచ్చు. ఆరిపోతాది.”

గడపలో ఎవరో కిసుక్కున నవ్వారు. కోదండం మెడ మీద నరం పొంగింది.

“మూత బిగిస్తే బెల్టు జారినప్పుడంతా దాన్ని ఊడదీసి, బెల్టు ఏసి, మళ్లీ బిగిచ్చాల. అంతసేపూ మగ్గం ఊరికే నిలబడుకోవాల. నీకు తెలీదా? నువ్వు ఈ షెడ్డులో పనిచేసినదానివి కాదా?”

“తెలుసు బావా. తెలిసే రాసినా.”

ఆమె కూతురు లోహిత లోపలినుంచి వచ్చింది. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అమ్మకు తోడు పోవాలని సెలవు పెట్టుకుంది.

“పెదనాయనా, మా ఫ్యాక్టరీలో మూత తెరిస్తే మిషను దానంతటదే ఆగిపోతాది. ఎవురూ అడగాల్సిన పన్లా.”

“నువ్వు గమ్మునుండు పాపా. మెడకు బ్యాడ్జీ తగిలించుకోంగానే పెద్దమనిషివి అయిపొయినావా?”

“బ్యాడ్జీ సంగతి కాదు పెదనాయనా. పదివేళ్లూ తగిలించుకోని ఇంటికొస్తా ఉండా. అది చెప్తా ఉండా.”

కోదండం తమ్ముడి వైపు తిరిగాడు. పరంధామయ్య షెడ్డు గుమ్మం దగ్గర నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆ చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి. అయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

“ఒరే పరంధామా. నీ పెండ్లానికి నేను చెడ్డ చెప్తా ఉండానా? పుస్తకం చించెయ్యమన్నెనా? తిరుపతికి పోవద్దన్నెనా? పొమ్మంటా ఉండా. శాలువా కప్పించుకోమంటా ఉండా. ఆ ఏడో అధ్యాయం మటుకు కల్పించి రాసింది, జరిగింది కాదు అని నాలుగు మాటలు చెప్పి రమ్మంటా ఉండా. అంతే గదా?”

పరంధామయ్య గుడ్డను రెండో చేతికి మార్చుకున్నాడు.

“నేను చెప్పను బావా,” అంది చంద్రకాంతమ్మ. “ఈ చెయ్యి కల్పించుకున్నెనా నేను?”

“నీ చెయ్యి పొయినప్పుడు నిన్ను ఈదిలో పారేసినామా? కూసోబెట్టి కూడు పెట్టినాం. మేడ మీద ఇల్లు కట్టిచ్చి ఇచ్చినా. నీ కూతుర్ని సదివిచ్చినా. ఒగ మాట అన్నెనా ఏ పొద్దన్నా?”

అన్నదంతా నిజమే. చంద్రకాంతమ్మకు ఈ మనిషితో ఉన్న చిక్కల్లా అదే. పుస్తకంలో అది కూడా రాసింది, మేడ మీద ఇంటి సంగతి, పాప చదువు సంగతి. ఆ అధ్యాయాలు ఈయన చదవలేదు.

“అవన్నీ చేసినావు. నేను కాదన్లా. అట్లని బెల్టు నా వేళ్లు తీసుకోలేదంటే ఎట్ల?”

“సరే!” కోదండం చెయ్యి స్విచ్ మీద పెట్టాడు. “నేనూ వస్తా తిరుపతికి. ముందు వరసలో కూసుంటా. నా మొగం సూసి చెప్పు. జరిగిందే రాసినా అన్నెవంటే, మళ్లీ ఈ ఇంటికి రావాకు. నువ్వే కాదు, వాడూ రాకూడదు. ఈ షెడ్డుతో మీకు తీరిపోయినట్టే.”

ఎదుటి షెడ్డు మోత ఒక్కటే వినబడుతోంది.

అప్పుడు లోపలిగది తలుపు తెరుచుకుంది. ముసలామె కుప్పమ్మ గోడ పట్టుకుని వచ్చింది. కోదండానికీ పరంధామయ్యకూ తల్లి. మగ్గాల మోతలోనే బతుకంతా గడిపి, రెండు చెవులూ పూర్తిగా పోగొట్టుకుంది. మగ్గాలు ఆగిన సంగతి ఆమెకు చెవులతో తెలియదు. కాళ్లకింద నేల అదరడం ఆగిపోతే తెలుస్తుంది.

“కరెంటు పొయిందా?” అంది గట్టిగా. తన గొంతు తనకు వినబడదు కాబట్టి ఆమె ఏ మాటన్నా ఊరికి చెప్పినట్టే చెబుతుంది.

ఎదుటి షెడ్డులో వెలుగుతున్న ట్యూబులైటు చూసింది. కొడుకు చెయ్యి స్విచ్ మీద ఉండటం చూసింది. కోడలి సంచి చూసింది.

“ఓహో,” అంది. “సచ్చింది ఎవురూ లేరన్నమాట.”

“నువ్వు లోపలికి పోమ్మా,” అన్నాడు కోదండం.

పెదవులు కదిలితే చాలు ఆమెకు. ఆ ఇంట్లో రహస్యం అనేది నిలవకపోవడానికి కారణం ఆమె కళ్లే.

“పోనులేరా. మీ నాయన పొయిన దినం గూడా నేను మగ్గాలు ఆపలా. శవాన్ని ఎత్తేదాకా నడిపినా, ఇయ్యాల్సిన చీరలు ఉండాయని. నువ్వు ఒగ పుస్తకానికి ఆపినావే! అంత పెద్దదా అది?”

ఈసారి గడపల్లో నవ్వు కిసుక్కుమని ఆగలేదు.

ఆ నవ్వుల్లో చంద్రకాంతమ్మ వీధి అవతలికి చూసింది. కోదండం వీపు అటువైపే ఉంది. తిరుమలమ్మ వక్కాకు నమలడం ఆపి, గొంతు లేకుండా, పెదవులు మాత్రం కదిపింది.

“నువ్వు పో. మేమూ వస్తాం. పదిగంటల బస్సుకు.”

ఆ వీధిలో పుట్టిన పసిబిడ్డ కూడా మొదట నేర్చుకునేది ఆ భాషే. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు షెడ్డు మాట. మోతలో గొంతు చించుకుని లాభం లేదు. పెదవులను నిదానంగా, నిండుగా కదపాలి. షెడ్డు ఈ చివర ఉన్న మనిషి ఆ చివర ఉన్న మనిషితో కష్టసుఖాలన్నీ చెప్పుకోవచ్చు. పక్కన నిలబడ్డ బయటి మనిషికి మాత్రం ఒక్క ముక్క అందదు.

“ఎంతమంది?” చంద్రకాంతమ్మ పెదవులు అడిగాయి.

“సూస్తావులే.”

కారు మూడోసారి హారన్ కొట్టింది. ఆమె గడప దిగింది. లోహిత వెంట నడిచింది. అప్పుడు పరంధామయ్య నూనెగుడ్డను గుమ్మం మీద ఆరేసి, “అన్నా, నేను గూడా పోతా,” అన్నాడు.

“నువ్వెందుకురా?”

“ఊరికే. తోడు.”

కోదండం తమ్ముణ్ని కాస్త ఎక్కువసేపే చూశాడు. “పో. నువ్వుంటే మంచిదే,” అన్నాడు.

ఆ ‘మంచిదే’ చంద్రకాంతమ్మకు నచ్చలేదు.

కారు వీధి మలుపు తిరుగుతుండగా వెనక మగ్గాల దడదడ మళ్లీ మొదలైంది. లోహిత అద్దంలోంచి తొంగిచూసి పకపకా నవ్వింది.

“మా, అవ్వ! అవ్వే స్విచ్ ఎత్తేసింది. పెదనాయన పక్కన నిలబడి సూస్తా ఉండాడు!”

*

పుత్తూరు వచ్చేదాకా లోహిత డ్రైవరు పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూనే ఉంది. మొగుడూ పెళ్లాల మధ్య సంచి ఉంది.

విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఇళ్ల ముందు బోర్డులు కనిపించగానే ఇద్దరూ చెరో వైపూ చూశారు. చెయ్యి బెల్టులో పడిన రోజు ఆమెను మొదట ఇక్కడికే తీసుకొచ్చారు. కట్టు కట్టే పెద్దాయన చేతికి చుట్టిన గుడ్డ విప్పి, చూసి, మళ్లీ మెత్తగా చుట్టేశాడు. “ఇది ఇరిగింది కాదు తల్లీ, తెగింది. దీన్ని నేను కట్టకూడదు. నిలబడుకోకుండా పెద్దాసుపత్రికి పోండి,” అన్నాడు. ఆయన ఆ మాట చెప్పబట్టి మిగిలిన మూడు వేళ్లు దక్కాయి.

ఆసుపత్రిలో ఎట్లా జరిగిందని అడుగుతారు. ఏం చెప్పాలో ఆమెకు దారిలోనే తెలిసింది. ఎట్లా తెలిసిందో ఏడో అధ్యాయంలో రాసింది.

“సంద్రా,” అన్నాడు పరంధామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూనే. “నేను ఆ ఏడోది సదవలా.”

“తెలుసు.”

“మూత ఎవురు తీసినారని రాసినావు దాంట్లో?”

ఆమె మొగుడి వైపు తిరిగింది. పుస్తకం అచ్చయి ఏడాది దాటింది. ఈ మనిషి దాన్ని గురించి అడిగిన మొదటి మాట ఇది.

“బావ తీసెయ్యమన్నాడని రాసినా. ఆ మాట నేను సూసినా, దారపు కండెలు ఎత్తుకోని వస్తా ఉండంగ. తెల్లారి సూస్తే మూత గోడకు ఆనిచ్చి ఉండాది. తీసిన చెయ్యి ఎవురిదో నాకు తెలీదు. తెలీనిది రాయలా.”

పరంధామయ్య తల ఊపాడు. ఆ తరవాత ఆయన చేతులు ఒడిలో ఒకదాన్నొకటి రుద్దుకోవడం మొదలుపెట్టాయి. తుడుచుకోవడానికి గుడ్డ కూడా లేదు.

“ఎందుకు అడిగినావు?”

“ఊరికే.”

ఈ రోజుకు ఇది రెండో ‘ఊరికే’. చంద్రకాంతమ్మ ఇంకో మాట అడగబోయింది. ఇంతలో లోహిత వెనక్కి తిరిగి, “మా, పోస్టరు సూడు!” అని ఫోన్ చేతికిచ్చింది.

పోస్టరులో ఆమె ముఖం లేదు. చిత్తూరులో తీసిన ఎడమచెయ్యి ఫొటో ఉంది, నలుపుతెలుపులో. చేతి కింద ఆమె పేరు.

*

సభ అలిపిరికి పోయే రోడ్డులో ఒక పెద్ద హాల్లో. బయట పుస్తకాల అంగళ్లు, వేడివేడి బజ్జీలు, పేరున్న రచయితల పక్కన నిలబడి ఫొటోలు తీసుకునే పిల్లలు. హాల్లో చల్లగా ఉంటుందని కొండ దిగి వచ్చిన భక్తులు కొందరు చివరి వరసల్లో చేరి, నున్నటి గుండ్లు వెనక్కి వాల్చి నిద్రపోతున్నారు.

వేదిక ఎక్కగానే శాలువా కప్పారు. చంద్రకాంతమ్మ కుడిచేత్తో అంచు తడిమి చూసింది. పేక వదులుగా ఉంది. రెండు ఉతుకులకు కూడా ఆగదు. సన్మానాల శాలువాలు నేసేవాళ్లకు వాటిని ఎవరూ కప్పుకోరని తెలుసు మరి.

ముందు వరసలో, సరిగ్గా ఆమె కుర్చీకి ఎదురుగా, కోదండం తెల్లచొక్కాలో కూర్చుని ఉన్నాడు. అటూ ఇటూ సంఘం ఓనర్లు. పరంధామయ్య వాళ్లతో కూర్చోలేదు. నాలుగు వరసలు వెనక్కిపోయి నడిమి దారి పక్కన కూర్చున్నాడు, లోహిత పక్కన. ఆ వెనక వరసలు ఖాళీగా ఉన్నాయి.

సభ నడిపేది మోహన్‌కృష్ణ అనే తెలుగు లెక్చరరు. మంచివాడే. గొంతు మాత్రం ఎప్పుడూ సంతాపసభలో ఉన్నట్టే ఉంటుంది.

“మూగబోయిన మగ్గాలకు గొంతునిచ్చిన తల్లి…” అని మొదలుపెట్టాడు.

చంద్రకాంతమ్మ తన ముందున్న మైకు దగ్గరికి జరిగింది. “సార్, మా మగ్గాలు మూగబోలా. అవి మూగబోతే మాకు కూడు లేదు. వాటి మోతకే గదా మా చెవులు పొయినాయి.”

హాలు ఘొల్లుమంది. నిద్రపోతున్న గుండ్లలో రెండు లేచి కూర్చున్నాయి. మోహన్‌కృష్ణ కూడా నవ్వి, చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“సరేనమ్మా. మీరే చెప్పండి. కానీ చదివే ముందు, ఈ సభకు మీ చేతిని ఒక్కసారి చూపిస్తే… ఆ చెయ్యే ఒక పుస్తకం కదా!”

కెమెరాల వాళ్లు మోకాళ్ల మీద ముందుకు జరిగారు.

ఆమె ఎడమచెయ్యి శాలువా కింద మరికాస్త లోపలికి పోయింది.

“చిత్తూరులో సూపిచ్చినా సార్. ఒగమ్మ పట్టుకోని పైకెత్తింది. పేపర్లో వేసినారు. చెయ్యి మటుకే వచ్చింది, మొగం రాలా. మీ పోస్టరులోనూ అంతే. ఈడ సూపియ్యను. సూడాలనుంటే మా షెడ్లకు రండి, ఇట్లాంటివి నిండా ఉండాయి. ఆ చేతులకు పనుంటాది, ఎత్తి సూపియ్యవు. నేను రాసింది సదువుతా. ఇనండి.”

చప్పట్లు కొట్టాలో కూడదో సభకు వెంటనే తెలియలేదు. వెనకనుంచి మాత్రం ఎవరో దబదబా కొట్టారు. చంద్రకాంతమ్మ తలెత్తి చూసింది.

తలుపు దగ్గర తిరుమలమ్మ. ఆమె వెనక కండెలు చుట్టే పవిత్ర. ఆ వెనక వాళ్ల షెడ్డూ వీళ్ల షెడ్డూ, కింది వీధీ పై వీధీ. పదిగంటల బస్సు నిండా వచ్చినట్టున్నారు. చీరలకు దారపుపోగులు అంటుకునే ఉన్నాయి. నడిమి దారిలో నడిచొచ్చి, పరంధామయ్య వెనక ఉన్న ఖాళీ వరసలన్నీ నింపేశారు. గుసగుసలు కూడా హాలంతా వినబడేలా, “జరగమ్మే”, “నా కాలు తొక్కినావే” అనుకుంటూ కూర్చున్నారు.

కోదండం వెనక్కి తిరగలేదు. వాళ్లను చూడలేదు. ఆయన కళ్లు మరదలి ముఖం మీదే ఉన్నాయి. ఆమె పుస్తకం తెరుస్తుంటే ఆయన పెదవులు గొంతు లేకుండా కదిలాయి.

“కథ అని చెప్పు.”

వేదిక మీద ఇంకెవరికీ అది కనబడలేదు. కనబడినా అర్థం కాదు.

ఆమె మైకు సరిచేసుకుంది.

“ఇది ఏడో అధ్యాయం. దీన్ని కథ అని చెప్పమని నన్ను అడిగినారు. చెప్పకపోతే ఇంటికి రావద్దన్నారు. కథ కాదు. జరిగింది. ఇప్పుడు సదువుతా ఉండా.”

కోదండం పక్కనున్న ఓనరు కుర్చీలో కదిలాడు. చంద్రకాంతమ్మ చదవడం మొదలుపెట్టింది. బెల్టు జారిన సంగతి. చీకటిపడే వేళ, దీపాలు మినుకుమంటున్నప్పుడు, దాన్ని ఎక్కించబోయిన సంగతి. అరిచిన అరుపు ఎవరికీ వినబడని సంగతి.

‘నా నోరు తెరుచుకొని ఉండటం మా అత్త చూసింది. మగ్గాలు అన్నీ మోగుతూనే ఉండాయి. నేను అరుస్తా ఉండానని ఆమెకు నా నోరు చూసి తెలిసింది. పరిగెత్తి పొయ్యి స్విచ్ దించింది. అప్పుడు నా అరుపు నాకే వినబడింది.’

ఆమె పేజీ తిప్పింది.

‘పుత్తూరు దాటినాక కారులో ముందు సీట్లోనించి మా బావ వెనక్కి తిరిగినాడు. డ్రైవరు వినకూడదని గొంతు ఎత్తలా. షెడ్డు మాటలో పెదవులతో చెప్పినాడు: పెళ్లికి పోతా ఉంటే కారు తలుపులో చెయ్యి పడిందని చెప్పు. ఇంకేం చెప్పినా మీ ఆయన జైలుకు పోతాడు…’

ఆ వాక్యం దగ్గర ముందు వరసలో తెల్లచొక్కా గిరుక్కున వెనక్కి తిరిగింది.

చంద్రకాంతమ్మకు ఇప్పుడు కనబడుతున్నది కోదండం మెడ వెనకభాగమే. ఆయన నాలుగు వరసల వెనకున్న తమ్ముణ్ని చూస్తున్నాడు. గొంతు వినబడలేదు. కానీ ఆ దవడలు కదలడం, చెవుల కింద కండ బిగుసుకోవడం ఆమెకు తెలుస్తోంది. నిదానంగా, నిండుగా, షెడ్డు ఈ చివరనుంచి ఆ చివరకు చెప్పినట్టే ఏదో చెబుతున్నాడు. అలవాటు. హాలు నిండా బయటివాళ్లే అనుకున్నాడు. పరంధామయ్య వెనక వరసల్లో దారపుపోగుల చీరలను ఆయన అప్పుడుగాని చూడలేదు. చూసేసరికి చెప్పడం అయిపోయింది.

చంద్రకాంతమ్మ చదవడం ఆపింది. సభ ఆమెనే చూస్తోంది, గుండె చెరువై ఆగిందనుకుని. మోహన్‌కృష్ణ నీళ్లగ్లాసు ముందుకు జరిపాడు.

ఆమె తిరుమలమ్మ వైపు చూసింది. ఆ వరసల్లో ఆడవాళ్లందరి ముఖాలూ ఒక్కలాగే మారిపోయి ఉన్నాయి.

“ఏమన్నాడు?” ఆమె పెదవులు అడిగాయి.

“మూత తీసింది నేనే, మా అన్నకు తెలీదు, అని లేసి చెప్పమంటా ఉండాడు,” అన్నాయి తిరుమలమ్మ పెదవులు. “మీ ఆయనను. ఇప్పుడే. ఈడనే.”

చంద్రకాంతమ్మ ఒక్క క్షణం పుస్తకంలోకి చూసింది. అక్కడున్న వాక్యాన్నీ, ఎదురుగా ఉన్న మెడనూ చూసింది. తరవాత మైకులోకి వంగింది.

“సభకు ఒగ మనవి. ఇప్పుడు నేను సదివిన పేజీలో మా బావ ఒగ పని చేసినాడు. అదే పని ఇప్పుడు మీ ముందర చేసినాడు. మీకు ఇనబడలా. మా ఊరోళ్లకు ఇనబడింది.”

“ఇన్నాం!” తిరుమలమ్మ లేచి నిలబడింది. మగ్గాల మీద బతికిన గొంతు, హాలు అదిరింది. “మేమందరమూ ఇన్నాం! కోదండన్నా, మేం ఈడుండామని నువ్వు సూసుకోలేదా?”

నిద్రపోతున్న గుండ్లన్నీ లేచి కూర్చున్నాయి. ఓనర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోదండం నిదానంగా ముందుకు తిరిగాడు. తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. మరదలి ముఖం చూడటానికి ఆయన కళ్లు లేవలేదు.

“అమ్మా, ఏం జరుగుతోంది?” అన్నాడు మోహన్‌కృష్ణ. సంతాపం పోయి, గొంతు మామూలు మనిషి గొంతయింది.

అప్పుడు పరంధామయ్య లేచాడు.

లోహిత, “నాయనా, కూసో,” అని చొక్కా పట్టుకుంది. ఆయన కూర్చోలేదు. అన్న వైపు చూడలేదు. వేదిక మీదున్న పెళ్లాన్నే చూస్తూ, పెదవులు కదిపాడు. గొంతు లేదు.

“నేనే తీసినా.”

ఈసారి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. చంద్రకాంతమ్మ తన కళ్లతోనే చూసింది.

అది అన్న చెప్పమన్న మాటా? లేకపోతే ఇన్నేళ్లూ ఆ నూనెగుడ్డలో తుడుచుకుంటూ వచ్చిన మాటా? తీసిన చెయ్యి ఎవరిదో తెలియదని తను రాయకుండా వదిలిన చోటు ఒకటుంది. కారులో ఆయన అడిగింది దాని గురించే. పెదవులు చూసి మాట పోల్చుకోవడం ఆమెకు వచ్చు. నిజం పోల్చుకోవడం ఎవరూ నేర్పలేదు.

వెనక వరసల్లో ఆడవాళ్లకూ ఆ మాట అందింది. తిరుమలమ్మ నిలబడినదల్లా కూర్చుండిపోయింది. సభలో మిగిలినవాళ్లకు మాత్రం ఒక మనిషి ఊరికే లేచి నిలబడ్డట్టు కనిపించింది.

కోదండం తల ఎత్తాడు. ఆ ముఖంలో ఊపిరి పీల్చుకున్న తేలిక కనబడింది చంద్రకాంతమ్మకు. అది చూశాక ఆమె కుర్చీలోంచి లేచింది.

పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. శాలువా తీసి దాని మీద పెట్టింది. స్టాండు నుంచి మైకు ఊడదీసుకుని వేదిక మెట్లు దిగింది. వైరు వెనకాల పాక్కుంటూ వచ్చింది. కోదండం ముందునుంచి ఆయన్ను చూడకుండానే దాటింది. పరంధామయ్య ఉన్న వరస దాకా వచ్చి, మొగుడి ఎదుట నిలబడింది. మైకును కుడిచేతినుంచి ఎడమచేతికి మార్చుకుని, ముందుకు చాపింది.

కెమెరాలు ఎగబడ్డాయి. ఆమె వాటి వైపు చూడలేదు.

“ఈడ మోటార్లు తిరగతా లేవయ్యా,” అంది. “నా రాతలో తప్పుంటే నా మొగాన చెప్పు, దిద్దుకుంటా. మీ అన్న కోసం చెప్తా ఉంటే, అదీ ఈ జనమంతా ఇననీ. ఏదైనా సరే, గొంతుతో చెప్పు.”

పరంధామయ్య మైకును చూడలేదు. దాన్ని పట్టుకున్న మూడు వేళ్లను చూశాడు. వాటి పక్కన ఖాళీని చూశాడు.

గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడు హాలంతా వినబడింది.